హోంలో పెరిగే పిల్లలకు బతుకు పాఠాలు

తల్లిదండ్రులు లేక కొందరు, ఉన్నా సాకే స్థితి లేక కొందరు, ఇంట్లో దెబ్బలు తాళలేక రైలెక్కి వచ్చేసి కొందరు, వెట్టి పనుల నుంచి విడిపించగా కొందరు, నేరారోపణ మీద పోలీసుల చేతికి చిక్కి ఇంకొందరు పిల్లలు సంరక్షణ గృహాలకు చేరుతుంటారు. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ దేశమంతటా జరిపించిన సర్వే నివేదిక 2018లో వెలువడింది. దాని ప్రకారం 9,589 సంస్థల్లో 3.7 లక్షలకు పైగా పిల్లలు ఉన్నారు.

2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా నిర్వచిస్తుంది. ఆదరణ, రక్షణ అవసరమైన పిల్లలను బాలల సంక్షేమ కమిటీ ముందు, చట్టాన్ని అతిక్రమించారన్న ఆరోపణ ఉన్నవారిని జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరుస్తారు. మొదటివారికి బాలల గృహాలు, ఓపెన్ షెల్టర్లు ఉంటాయి. రెండోవారిని విచారణ సాగినంత కాలం పరిశీలన గృహాల్లో, ఆ తర్వాత బోర్డు ఆదేశిస్తే ప్రత్యేక గృహాల్లో ఉంచుతారు. తెలుగు రాష్ట్రాల్లో ఆడపిల్లల కోసం బాలసదనాలు నడుస్తున్నాయి. ప్రభుత్వం నడిపినా, స్వచ్ఛంద సంస్థలు నడిపినా జనం వాడుకలో ఇవన్నీ హోంలే.

ఈ చట్టంలోని 53వ సెక్షన్ హోంలు పిల్లలకు ఏమేం సమకూర్చాలో చెబుతుంది. తిండి, బట్ట, వసతి, వైద్యం, చదువులతో పాటు జీవన నైపుణ్యాల బోధన, మానసిక ఆరోగ్య సేవలు, కౌన్సెలింగ్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. దుప్పట్లు ఎన్ని, గదులు ఎన్ని అన్నది తనిఖీకి వచ్చిన అధికారి లెక్కపెట్టుకోగలరు. పిల్లవాడి దిగులును, భయాన్ని అలా లెక్కపెట్టలేరు. అందుకే చట్టంలో ఉన్న ఈ అంశం ఆచరణలో వెనకబడుతుంది. పదేళ్లు దాటి యౌవనంలో అడుగుపెడుతున్న పిల్లల విషయంలో ఆ లోటు మరీ ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇంటికీ హోంకీ తేడా

కుటుంబంలో పెరిగే పిల్లలు చాలా విషయాలు ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే నేర్చుకుంటారు. తమ్ముడితో తగువు పడి సాయంత్రానికి కలిసిపోవడం, అమ్మ కోప్పడినా అన్నానికి పిలవడం, నాన్న అప్పు గురించి మథనపడి చివరికి ఓ దారి వెతుక్కోవడం, చుట్టాలింటి పెళ్లిలో పెద్దవాళ్లతో మాట్లాడాల్సి రావడం, కిరాణా కొట్టుకు వెళ్లి చిల్లర లెక్క చూసుకోవడం, ఇలా ఒక్కొక్కటీ ఒక్కో పాఠం. మనుషులతో ఎలా మెలగాలో, కష్టం వస్తే ఏం చేయాలో పిల్లలకు తెలిసేది ఎక్కువగా ఈ దారినే.

హోంలో రోజు గంట కొడితే మొదలై గంట కొడితే ముగుస్తుంది. ఏం తినాలి, ఏ బట్టలు కట్టుకోవాలి, ఎప్పుడు పడుకోవాలి అన్నవి వేరెవరో నిర్ణయిస్తారు. చూసుకునే సిబ్బంది డ్యూటీలు మారుతుంటారు, కొందరు ఉద్యోగమే మానేస్తారు. ప్రాణ స్నేహితుడు వేరే జిల్లా హోంకు బదిలీ అయిపోతాడు. ఒంటరిగా కూర్చుని ఏడ్చుకోవడానికి కూడా చోటు దొరకదు. హోం ఎంత మంచిదైనా అందులోని నియమాలు పాతికమందికీ యాభైమందికీ సరిపోయేలా తయారవుతాయి. ఒక్కో పిల్లవాడి మనసును బట్టి నడుచుకునే వెసులుబాటు అక్కడ తక్కువ.

ఈ లోటు ఎంత లోతైనదో పరిశోధకులు చాలాకాలం కిందటే గుర్తించారు. కడుపుకు సరిపడా తిండి, శుభ్రత ఉన్నా ఆప్యాయంగా చూసుకునే ఒక మనిషి లేకపోతే పసిపిల్లలు కుంగిపోతారని రెనే స్పిట్జ్ 1940లలో చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జాన్ బౌల్బీ 1951లో రాసిన నివేదిక తల్లికి దూరమైన పిల్లల మానసిక స్థితిని ప్రపంచం దృష్టికి తెచ్చింది. రుమేనియాలో 1989లో నియంత చౌషెస్కూ పాలన కూలేనాటికి అక్కడి ప్రభుత్వ అనాథాశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలు మగ్గుతున్నారు. 2000లో బుఖారెస్ట్‌లో అమెరికా శాస్త్రవేత్తలు మొదలుపెట్టిన అధ్యయనంలో 136 మంది పసివాళ్లను ఎంచుకుని, వారిలో సగం మందిని పెంపక కుటుంబాలకు పంపారు. కుటుంబాల్లో పెరిగినవారి తెలివితేటలు, అనుబంధాలు ఆశ్రమాల్లో ఉండిపోయినవారికంటే మెరుగుపడ్డాయి. ఎంత చిన్న వయసులో కుటుంబానికి చేరితే అంత మేలు జరిగింది. సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గమే కావాలని భారతదేశ చట్టం కూడా ఒక సూత్రంగా చెబుతోంది.

హోంకు వచ్చే పిల్లలు చాలామంది అప్పటికే దెబ్బ తిని ఉంటారు. చిన్నతనంలో అనుభవించిన హింస, నిర్లక్ష్యం, ఇంట్లో తాగుడు, తల్లిదండ్రులు విడిపోవడం వంటివి ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక కుంగుబాటు, వ్యసనాలు, గుండెజబ్బుల ముప్పు అంత పెరుగుతుందని అమెరికాలో 1998లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. దీనికి కౌమారం తోడవుతుంది. ఈ వయసులో ఉద్వేగాలను పుట్టించే మెదడు భాగాలు చురుగ్గా ఉంటాయి. వాటికి పగ్గం వేసి, మంచిచెడ్డలు ఆలోచింపజేసే ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవయ్యో పడి సగం దాకా పడుతుంది. మామూలు ఇళ్లలోనే ఈ వయసు పిల్లలతో వేగడం కష్టం. అండగా నిలిచే మనిషి లేనిచోట అది పిల్లలకే మరింత కష్టం.

ఈ కష్టం హోంలో రకరకాలుగా బయటపడుతుంది. చిన్న మాటకే చెయ్యి చేసుకోవడం, రొట్టెముక్కలు పరుపు కింద దాచుకోవడం, అవసరం లేకపోయినా అబద్ధాలాడడం, కొత్తగా వచ్చిన వాలంటీరును గంటలోనే పట్టుకుని వదలకపోవడం, ఎవరితోనూ పెదవి విప్పకపోవడం, బ్లేడుతో చేతి మీద గాట్లు పెట్టుకోవడం, గోడ దూకి పారిపోవడం ఇందులో కొన్ని. సిబ్బంది వీటిని మొండితనమనీ పొగరనీ అనుకుంటారు. తిండి దొరకని రోజుల్లో దాచుకోవడం, నిజం చెబితే దెబ్బలు పడే ఇంట్లో అబద్ధమాడడం ఆ పిల్లలను ఒకప్పుడు కాపాడిన అలవాట్లే. వాటి అవసరం తీరిపోయిందని మనసుకు తెలియాలంటే వాటి స్థానంలో కొత్త అలవాట్లు రావాలి. జీవన నైపుణ్యాల బోధన చేయవలసిన పని అదే.

పది నైపుణ్యాలు

నిత్యజీవితంలో ఎదురయ్యే అవసరాలనూ సవాళ్లనూ సమర్థంగా ఎదుర్కోవడానికి తోడ్పడే సామర్థ్యాలను జీవన నైపుణ్యాలు అంటారు. కుట్టుపని, కంప్యూటర్, డ్రైవింగ్ వంటివి వృత్తి నైపుణ్యాలు, అవి వేరు. న్యూయార్క్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త గిల్బర్ట్ బాట్విన్ 1970ల చివర్లో బడిపిల్లలను పొగతాగడం నుంచి తప్పించడానికి ఈ తరహా శిక్షణ మొదలుపెట్టారు. సిగరెట్ హానికరమని చెప్పినంత మాత్రాన పిల్లలు మానరనీ, స్నేహితులు బలవంతపెట్టినప్పుడు వద్దనగలిగే నేర్పు కావాలనీ ఆయన పని నిరూపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల మొదట్లో బడుల కోసం తెచ్చిన మార్గదర్శకాల్లో పది మూల నైపుణ్యాలను గుర్తించింది. అవి జంటలు జంటలుగా సాగుతాయి.

మొదటి జంట స్వీయ అవగాహన, సహానుభూతి. తన ఇష్టాలు, బలాలు, బలహీనతలు, తనకు దేనికి కోపం వస్తుందో తెలుసుకోవడం స్వీయ అవగాహన. ఎదుటివారి స్థితిలో ఉండి చూడగలగడం సహానుభూతి. ఎవరికీ అక్కర్లేనివాడినన్న భావన నాటుకుపోయిన పిల్లవాడికి తనలోని ఒక మంచి గుణాన్ని తానే చెప్పగలగడం పెద్ద అడుగు.

రెండో జంట విమర్శనాత్మక ఆలోచన, సృజనాత్మక ఆలోచన. నగరంలో పని ఇప్పిస్తానని హోం గేటు దగ్గర పలకరించిన మనిషి మాటల్లో నిజమెంతో తరచి చూడడం మొదటిది. ఒకే చిక్కుకు నాలుగైదు దారులు ఊహించగలగడం రెండోది.

మూడో జంట నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించుకోవడం. పదో తరగతి తర్వాత ఐటీఐలో చేరాలా, ఇంటర్ చదవాలా అన్నది నిర్ణయం. పరీక్షలు దగ్గరపడ్డాయి, గదిలో మిగతావాళ్లు రాత్రి దీపం ఆర్పేస్తున్నారు అన్నది సమస్య. రోజంతా ఇతరుల నిర్ణయాల మీద నడిచే హోం పిల్లలకు ఈ రెండింటిలోనూ సాధన తక్కువ.

నాలుగో జంట చక్కగా మాట్లాడగలగడం, మనుషులతో మంచి సంబంధాలు నిలుపుకోవడం. అడగవలసింది అడగడం, వద్దనవలసినచోట వద్దనడం, చెప్పింది చెవిపెట్టి వినడం ఇందులోకి వస్తాయి. వదిలేసి వెళ్లినవాళ్లే జీవితమంతా కనిపించిన పిల్లలకు మరొకరిని నమ్మడం అన్నిటికన్నా కష్టమైన పాఠం.

అయిదో జంట ఉద్వేగాలను, ఒత్తిడిని తట్టుకోవడం. హోంలలో దీనికే పెద్దపీట వేయాలి. కోపం, దుఃఖం, భయం, సిగ్గు అణచుకోవలసినవి కావు; వాటిని గుర్తుపట్టి, ఎవరికీ హాని కలగకుండా వెళ్లగక్కడం నేర్వవలసిన విద్య.

ఈ పదీ విడివిడి పాఠాలుగా కనిపించినా వాడేటప్పుడు కలిసే వస్తాయి. తోటివాళ్లు వైట్‌నర్ పీల్చమని బలవంతపెడితే తన భయాన్ని గుర్తించడం, ఫలితం ఆలోచించడం, నిర్ణయించుకోవడం, స్నేహం చెడకుండా వద్దని చెప్పడం అన్నీ ఒక్క నిమిషంలో జరగాలి.

బోధించే తీరు

కోపం తగ్గించుకో, ధైర్యంగా ఉండు అని చెబితే నైపుణ్యం రాదు. మనుషులు ఎక్కువగా ఇతరులను చూసి, తాము చేసి, ఫలితం గమనించి నేర్చుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన సామాజిక అభ్యసన సిద్ధాంతం చెబుతుంది. జీవన నైపుణ్యాల పద్ధతులన్నీ దాని మీదే నిలిచాయి. ఆటలు, చర్చ, కథ, బొమ్మలు గీయడం, చిన్న నాటిక, సన్నివేశాన్ని నటించి చూపడం దీని పరికరాలు. ఈత నేర్పేవాడు పిల్లలను నీళ్లలోకి దించక తప్పనట్టే ఇక్కడా సాధన తప్పదు.

ఒక్కో బృందంలో పదిహేను నుంచి ఇరవై మంది, దాదాపు ఒకే వయసువారు ఉంటే మాట కలుస్తుంది. వారానికి ఒకటి రెండు సార్లు, గంటకు మించకుండా, నెలల తరబడి సాగాలి. రెండు రోజుల శిబిరంలో పదింటినీ ముగించేస్తే సర్టిఫికెట్లు మిగులుతాయి కానీ అలవాట్లు మారవు. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు, నేర్పేవారూ వారితో పాటే కూర్చుంటారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు వినడం, ఎవరినీ వెక్కిరించకపోవడం, ఇక్కడి మాట బయటికి పోకుండా చూడడం, చెప్పాలనిపించకపోతే ఊరుకోవడం వంటి నియమాలను మొదటి రోజే పిల్లల చేతే పెట్టించి రాయించాలి.

కోపం మీద జరిపే ఒక తరగతిని తీసుకుంటే ఈ పద్ధతి అర్థమవుతుంది. బిగుసుకున్న వాతావరణాన్ని సడలించే చిన్న ఆటతో మొదలుపెడతారు. ఆ తర్వాత ఒక కథ: ఒక కుర్రాడు పెట్టెలో దాచుకున్న కొత్త సబ్బును పక్క మంచం కుర్రాడు అడగకుండా వాడేశాడు, ఇతను కొట్టాడు, వార్డెన్ ఇద్దరినీ శిక్షించారు. కోపం వచ్చేముందు ఇతని ఒంట్లో ఏమైంది, ఆ క్షణంలో ఏమనుకున్నాడు, కొట్టాక ఏం దక్కింది, ఏం పోయింది అని పిల్లలను అడుగుతారు. పిడికిలి బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం, గుండె దడదడలాడడం లాంటి గుర్తులను వాళ్లే చెబుతారు. ఈ గుర్తులు కనిపించినప్పుడే ఆగగలిగితే గొడవ సగం ఆగినట్టే.

తర్వాత ఆ కోపం వెనక ఏముందో వెతుకుతారు. పైకి కోపంగా కనిపించేది లోపల అవమానం కావచ్చు, ఉక్రోషం కావచ్చు, ఉన్న ఒక్క వస్తువూ పోతుందన్న బెంగ కావచ్చు. ఉద్వేగానికి పేరు పెట్టినప్పుడు మెదడులో భయం, కోపాలకు స్పందించే అమిగ్దలా అనే భాగం శాంతిస్తుందని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో కనిపించింది. ఆ తర్వాత సాధన: నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం, అక్కడి నుంచి కాసేపు పక్కకు వెళ్లడం, చన్నీళ్లతో మొహం కడుక్కోవడం. చివరికి ఇద్దరిద్దరుగా అదే సన్నివేశాన్ని నటిస్తారు. ఎప్పుడూ దొంగబుద్ధే నీది అని తిట్టే బదులు, అడగకుండా తీసుకుంటే నాకు కోపం వస్తుంది, కావాలంటే అడుగు అని చెప్పి చూస్తారు. రెండో పాత్ర చేసినవాడికి ఆ మాట వింటే ఎలా అనిపించిందో అడిగితే సహానుభూతి పాఠం కూడా అక్కడే పూర్తవుతుంది. వారంలో ఒక్కసారైనా దీన్ని వాడి చూడాలన్న చిన్న పనితో తరగతి ముగుస్తుంది. వచ్చేవారం మొదటి పది నిమిషాలు ఆ అనుభవాలకే.

సమస్యా పరిష్కారాన్ని నేర్పేటప్పుడు మెట్లు మెట్లుగా వెళ్తారు. సమస్యను ఒక్క వాక్యంలో చెప్పడం, మంచిచెడ్డలు ఎంచకుండా తోచిన దారులన్నీ రాయడం, ఒక్కోదాని లాభనష్టాలు చూడడం, ఒకటి ఎంచుకుని అమలు చేయడం, ఫలితం గమనించి అవసరమైతే మళ్లీ మొదలుపెట్టడం అనే ఈ వరసను మనస్తత్వ శాస్త్రవేత్తలు డిజురిల్లా, గోల్డ్‌ఫ్రీడ్ 1971లో రూపొందించారు. పదిహేడేళ్ల అమ్మాయిని మేనమామ వచ్చి పెళ్లి కుదిరిందంటూ తీసుకుపోతానంటే ఏం చేయాలి అన్నది మన హోంలలో ఈ పాఠానికి సరిపోయే ఉదాహరణ. కౌన్సెలర్‌కు చెప్పడం, బాలల సంక్షేమ కమిటీకి రాసుకోవడం, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడం, చదువు పూర్తయ్యేదాకా ఆగమని మేనమామతో మాట్లాడించడం వంటి దారులు పిల్లల నోటి నుంచే రావాలి.

తీసుకోవలసిన జాగ్రత్తలు

బడికోసం రాసిన పాఠాలను యథాతథంగా హోంకు తెస్తే గాయాలు రేగుతాయి. కుటుంబ వృక్షం గీయమనడం, చిన్ననాటి మధుర స్మృతి చెప్పమనడం, అమ్మ గురించి రాయమనడం మామూలు పిల్లలకు సరదా. ఇక్కడి పిల్లలకు శిక్ష. కుటుంబం అనే బదులు నీకు ధైర్యమిచ్చే మనిషి అనవచ్చు. కళ్లకు గంతలు కట్టి ఆడే ఆటలు, ఒకరినొకరు పట్టుకోవలసిన ఆటలు లైంగిక దాడికి గురైన పిల్లలను భయపెడతాయి. సొంత కథ చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు. అందుకే ఊహించిన కథలతో మొదలుపెడతారు. పిల్లవాడు కథలోని కుర్రాడి పేరుమీద తన బాధ చెప్పుకోగలడు.

గోప్యతకూ హద్దు ఉంది. లైంగిక హింస జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. నీ ప్రాణానికి ముప్పు ఉన్న విషయమైతే సాయం చేయగలవారికి చెప్పక తప్పదని పిల్లలకు ముందే చెప్పాలి. మాటిచ్చి తప్పితే వారు మళ్లీ ఎవరినీ నమ్మరు.

పరిశీలన గృహాల పరిస్థితి వేరు. అక్కడ కొందరు రోజుల్లో, కొందరు నెలల్లో వెళ్లిపోతారు. పన్నెండు వారాల కార్యక్రమం పెట్టుకుంటే సగంమందికి సగమే అందుతుంది. ఏ వారం వచ్చినా అర్థమయ్యేలా, ఒక్కో తరగతి దానికదే పూర్తయ్యేలా పాఠాలు ఉండాలి. కేసు ఏమవుతుందో తెలియని ఆందోళన, తోటి జట్టు ఒత్తిడి, బయటికి వెళ్లాక ఊళ్లో పడే ముద్ర అక్కడి ముఖ్యాంశాలు. పిల్లల విషయంలో నిందితుడు, నేరస్థుడు వంటి ముద్రవేసే మాటలు వాడరాదని జువైనల్ జస్టిస్ చట్టమే చెబుతోంది. నేర్పేవారు ఆ పిల్లలను పేరు పెట్టి పిలవడం కూడా చికిత్సలో భాగమే.

హోం నడిచే తీరే అసలు పాఠం

తరగతిలో ఒకటి నేర్పి, బయట మరొకటి జరిగితే పిల్లలు రెండోదే నేర్చుకుంటారు. ప్రశాంతంగా మాట్లాడమని చెప్పిన సాయంత్రమే వార్డెన్ చెయ్యి చేసుకుంటే ఆ పాఠం గంగపాలైనట్టే. హోంలో పిల్లలను కొట్టి దారిలో పెట్టడం చట్టం దృష్టిలో నేరం. 82వ సెక్షన్ ప్రకారం మొదటిసారి పదివేల రూపాయల జరిమానా, తర్వాత మూడు నెలల దాకా జైలు పడవచ్చు. కాబట్టి శిక్షణ ముందు సిబ్బందికి కావాలి. వంటమనిషి, కాపలాదారు కూడా ఇందులో ఉండాలి. చాలామంది పిల్లలు మనసు విప్పేది కౌన్సెలర్ గదిలో కంటే వంటింటి గడప దగ్గరే. తక్కువ జీతానికి రాత్రింబవళ్లు పనిచేసే సిబ్బంది అలసటనూ పట్టించుకోవాలి. సొంత ఒత్తిడి తట్టుకోలేనివారు పిల్లలకు ఓర్పు నేర్పలేరు.

నేర్చుకున్నదాన్ని వాడే అవకాశాలు హోంలోనే కల్పించవచ్చు. 2016 నాటి జువైనల్ జస్టిస్ నమూనా నియమాలు ప్రతి సంస్థలో వయసుల వారీగా పిల్లల కమిటీలు ఉండాలంటాయి. దినచర్య, భోజనాల పట్టిక, వినోద కార్యక్రమాలు నిర్ణయించడంలో, ఎవరైనా హింసిస్తే తెలియజేయడంలో ఈ కమిటీలకు పాత్ర ఇచ్చాయి. పిల్లలు తమ మాట రాసి వేయడానికి సలహాల పెట్టె కూడా ఉండాలి. ఆదివారం కూరేమిటో పిల్లలే తేల్చుకుంటే బేరసారాలు, రాజీ, ఓటమిని ఒప్పుకోవడం అన్నీ అందులోనే వస్తాయి. చిన్న మొత్తం జేబు ఖర్చు ఇచ్చి లెక్క రాయించడం, ఇద్దరు పిల్లలను వెంటపెట్టుకుని సంతకు వెళ్లడం, పండగ ఏర్పాట్లు అప్పగించడం, పెద్దపిల్లలకు చిన్నపిల్లల చదువు చూసే బాధ్యత ఇవ్వడం ఇలాంటివే. వీటికి పెద్దగా ఖర్చు లేదు. పిల్లలు పొరపాటు చేసినా ఓర్చుకునే పెద్దలు ఉంటే చాలు.

ప్రతి పిల్లవాడికీ ఒక వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక తయారుచేయాలన్నది చట్టపరమైన నియమం. జీవన నైపుణ్యాల్లో ఎక్కడున్నాడు, వచ్చే ఆరు నెలల్లో ఏం సాధించాలి అన్నది కూడా అందులో రాస్తే బోధన ఒక గురికి కట్టుబడుతుంది.

ఫలితాలు, పరిమితులు

ఈ బోధన వల్ల ఎంత మేలు జరుగుతుందన్న ప్రశ్నకు ఎక్కువ ఆధారాలు బడుల నుంచి వచ్చాయి. సామాజిక, ఉద్వేగ నైపుణ్యాలు నేర్పే 213 కార్యక్రమాలను, వాటిలోని 2.7 లక్షల మంది విద్యార్థుల వివరాలను కలిపి విశ్లేషించిన అధ్యయనం అమెరికాలో 2011లో వచ్చింది. నైపుణ్యాలు, ప్రవర్తన మెరుగుపడడమే కాక చదువులోనూ ఆ పిల్లలు ముందుకెళ్లారని అది తేల్చింది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన జీవన నైపుణ్యాల కార్యక్రమాన్ని కర్ణాటకలో ఉపాధ్యాయుల ద్వారా అమలుచేసి చూశారు. అందులో పాల్గొన్న 605 మందిని పాల్గొనని 423 మందితో పోల్చిన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఆత్మగౌరవం, కష్టాలు తట్టుకోగలమన్న నమ్మకం, బడిలో, ఉపాధ్యాయులతో సర్దుకుపోవడం, తోటివారికి సాయపడే గుణం మెరుగ్గా కనిపించాయి. మానసిక రుగ్మతల లక్షణాల్లో మాత్రం రెండు బృందాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ చివరి మాటను హోంల నిర్వాహకులు గుర్తుంచుకోవాలి. జీవన నైపుణ్యాలు మనసుకు బలమిస్తాయి, జబ్బును నయం చేయవు. దేశంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. కష్టాలు దాటివచ్చిన పిల్లలకు ఆ ముప్పు మరింత ఎక్కువ. రెండు వారాలకు పైగా వీడని దిగులు, నిద్ర, తిండి పూర్తిగా చెడిపోవడం, ఒంటిని గాయపరుచుకోవడం, చావు గురించి మాట్లాడడం, లేనివి కనిపించడం లేదా వినిపించడం ఉంటే వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ సలహా దొరుకుతుంది.

ఫలితాన్ని కొలవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన 25 ప్రశ్నల పట్టిక పిల్లల ఉద్వేగాలు, ప్రవర్తన, ఏకాగ్రత, స్నేహాలు, సాయపడే గుణాన్ని అంచనా వేస్తుంది. కార్యక్రమానికి ముందూ తర్వాతా దాన్ని నింపి పోల్చుకోవచ్చు. కొట్లాటలు తగ్గాయా, పారిపోవడాలు తగ్గాయా, పిల్లలు సాయం అడగడం పెరిగిందా అన్నది హోం రిజిస్టర్లే చెబుతాయి.

పద్దెనిమిది నిండాక

పద్దెనిమిదేళ్లు నిండినవారు హోం వదలాలి. ఇంట్లో పెరిగినవారు ఆ వయసులో కాలేజీకి వెళ్లినా సెలవులకు తిరిగిరావడానికి ఇల్లుంటుంది. వీరికి ఉండదు. బ్యాంకు ఖాతా, ఆధార్‌లో చిరునామా మార్పు, అద్దె గది వెతకడం, ఆసుపత్రిలో ఓపీ చీటీ, జీతం చేతికొస్తే నెలంతా సర్దుకోవడం, ఫోన్‌లో అప్పులిచ్చే యాప్‌ల ఉచ్చులో పడకపోవడం లాంటివన్నీ అప్పటికి తెలిసి ఉండాలి. ఈ సాధన పదిహేను, పదహారేళ్లకే మొదలుకావాలి. చట్టంలోని 46వ సెక్షన్ హోం విడిచినవారికి ఆర్థిక సాయం ఇవ్వవచ్చంటోంది. నియమాల ప్రకారం అనంతర సంరక్షణ 21 ఏళ్ల వరకు, ప్రత్యేక సందర్భాల్లో 23 ఏళ్ల వరకు అందుతుంది. కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. ఇలాంటి హక్కు తమకుందని తెలుసుకుని, దరఖాస్తు రాసి, అధికారిని కలిసి అడగగలగడమే ఆ పిల్లలకు జీవన నైపుణ్యాల పరీక్ష.

పాఠకులు చేయగలిగింది

పుట్టినరోజున హోంకు వెళ్లి పళ్లు పంచడం, బిర్యానీ పెట్టడం మన ఊళ్లలో మంచి అలవాటుగా స్థిరపడింది. పిల్లలతో దిగిన ఫొటోలను బయటపెట్టి వారెవరో తెలిసేలా చేయడం మాత్రం జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఒక్కరోజు వచ్చి వెళ్లే వంద మంది కంటే ఏడాదిపాటు వారానికి ఒక గంట తప్పకుండా వచ్చే ఒక్క మనిషి ఈ పిల్లలకు ఎక్కువ ఉపయోగపడతారు. ఆ గంటలో లెక్కలు చెప్పవచ్చు, కథలు చదివించవచ్చు, వంట నేర్పవచ్చు, ఉద్యోగ ఇంటర్వ్యూకు సిద్ధం చేయవచ్చు. అలా రాదలచినవారు జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని సంప్రదించి, అనుమతి తీసుకుని, చెప్పిన రోజున చెప్పిన సమయానికి హాజరు కావాలి. ఏడాదిపాటు రాలేమనుకునేవారు పిల్లలకు ఆశ పెట్టకుండా, శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను నియమించుకోవడానికి హోంకు ఆర్థికంగా సాయపడడం మేలు.